క్లబ్బు మీద ప్రేమ ఎలా పుడుతుంది?

ఫుట్‌బాల్ అభిమానాన్ని గురించి మన చదువరుల్లో రెండు అభిప్రాయాలు ప్రచారంలో వున్నాయి. అది పనీపాటా లేనివాళ్ళ వెర్రి అనేది మొదటిది. పదకొండుమంది బంతి వెంట పరుగెత్తితే వేలమంది గొంతులు చించుకోవడం దేనికని వీరు అడుగుతారు. రెండోది కాస్త గంభీరమైనది. ప్రజల దృష్టిని బతుకు సమస్యలనుంచి మళ్ళించడానికి పాలకవర్గాలు పోసే మత్తుమందు అది అని ఈ రెండో పక్షం వాదన. రెండింటిలోనూ లోపం ఒక్కటే. అభిమాని అనే మనిషిని రెండూ లెక్కలోకి తీసుకోవు. అతను ఎవరు, ఎక్కడినుంచి వచ్చాడు, ఇన్ని క్లబ్బులుండగా ఆ ఒక్కదాన్నే ఎందుకు పట్టుకున్నాడు, ఎప్పుడు పట్టుకున్నాడు అన్న ప్రశ్నలు వీరికి తట్టవు.

ఈ ప్రశ్నలకు జవాబు ఆటలో వెదికితే సగమే దొరుకుతుందనీ, మిగతా సగం చరిత్రలో వెదకాలనీ నా అభిప్రాయం. ఆట బాగా ఆడే జట్టునే జనం ప్రేమిస్తారన్నది నిజమైతే, ఓడిన మర్నాడు ప్రేమ కూడా పోవాలి. పోవడం లేదు. ఒక్కొక్కప్పుడు పెరుగుతున్నది కూడా. అంటే గెలుపుకన్నా ముందునుంచీ వున్న పునాది ఏదో ఆ ప్రేమకు వుండి తీరాలి. ఆ పునాదిని చూడడానికి మన దేశంలో కలకత్తా మైదానాన్ని మించిన చోటు లేదు. అక్కడ మూడు క్లబ్బులు మూడు వేర్వేరు చారిత్రక దశల్లో మూడు ప్రజాసమూహాల ప్రేమను పొందాయి. వాటిని పరిశీలించిన తరువాత మన హైదరాబాదు అనుభవాన్ని పక్కన పెట్టి చూస్తే విషయం మరింత స్పష్టపడుతుంది.

బెంగాలీలు శరీర దార్ఢ్యం లేని పిరికి జాతి అని బ్రిటిష్ పాలకులు పందొమ్మిదో శతాబ్దంలో పదేపదే రాశారు. 1841లో వారన్ హేస్టింగ్స్ మీద రాసిన వ్యాసంలో మెకాలే ఈ మాటను స్థిరపరిచాడు. సైన్యంలో చేర్చుకోవడానికి కొన్ని జాతులే పనికివస్తాయన్న సిద్ధాంతం దీనిమీదనే ఆధారపడి పెరిగింది. ఉద్యోగం ఇచ్చేవాడూ తెల్లవాడే, ఆ ఉద్యోగిని గుమాస్తా అని ఎగతాళి చేసేవాడూ తెల్లవాడే. ఇటువంటి వాతావరణంలో బంతి కలకత్తా పిల్లల కాళ్ళకు తగిలింది. నగేంద్రప్రసాద్ సర్వాధికారి అనే కుర్రవాడు 1877లో సైనికుల ఆట చూడబోయి, తనవైపు దొర్లివచ్చిన బంతిని తిరిగి తన్నాడనే కథను బెంగాలీలు ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ కథకంటే నాకు ముఖ్యమైనది మరొకటి. ఆయన పెట్టిన క్లబ్బులో కుమ్మరి కులానికి చెందిన మణిదాస్‌ను చేర్చుకోవడానికి పెద్ద కులాల సభ్యులు అడ్డు చెప్పినప్పుడు, ఆయన ఆ క్లబ్బునే రద్దుచేసి, 1887లో శోభాబజార్ క్లబ్బును స్థాపించి, అందులో మణిదాస్‌ను చేర్చుకున్నాడంటారు. ఆ శోభాబజార్ జట్టే 1892లో ట్రేడ్స్ కప్పు పోటీలో ఈస్ట్ సర్రే రెజిమెంటును ఓడించింది. క్లబ్బు అన్న తరువాత దాని తలుపు ఎవరికి తెరుచుకుంటుంది అన్న ప్రశ్న పుట్టుకనుంచే దానితో వున్నదని పాఠకులు గమనించాలి.

మోహన్ బగాన్ 1889 ఆగస్టు 15న ఉత్తర కలకత్తాలో పుట్టింది. దాని వెనుక వున్నవారు పేరున్న బెంగాలీ కుటుంబాలవారు; మొదటి అధ్యక్షుడు భూపేంద్రనాథ్ బోస్. ఇరవైరెండేళ్ళపాటు అది ఒక పేటకు చెందిన మంచి క్లబ్బు మాత్రమే. 1911 జులై 29న ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనలులో అది ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటుతో తలపడింది. పదకొండుమందిలో పదిమంది ఒట్టికాళ్ళతో ఆడారు. బూట్లు వేసుకున్నవాడు సుధీర్ చటర్జీ ఒక్కడే. మొదట తెల్లవారే గోలు వేశారు. తరువాత శివదాస్ భాదురి దాన్ని సమం చేశాడు. ఆట ముగియబోతూండగా అభిలాష్ ఘోష్ రెండో గోలు వేశాడు. ఆనాటి జనాన్ని అరవై వేలనుంచి ఎనభై వేలదాకా అంచనా కట్టారు. వచ్చినవారిలో చాలామందికి ఆట కనపడనే లేదు. గోలు పడినప్పుడల్లా ఆ లెక్కను గాలిపటాలమీద రాసి ఎగరేస్తే, దూరాన వున్నవాళ్ళు ఆకాశంలో ఫలితం చదువుకున్నారు.

కళ్ళతో చూడని ఆటను వేలమంది ప్రేమించడం సాధ్యమేనా? సాధ్యమే అయింది. వాళ్ళు ప్రేమించింది ఆటను కాదు, ఆట ఇచ్చిన జవాబును. 1905లో కర్జన్ బెంగాలును రెండుగా చీల్చాడు. ఆరేళ్ళుగా స్వదేశీ ఉద్యమం, విదేశీ వస్తు బహిష్కారం, జైళ్ళు, ఉరికొయ్యలు బెంగాలును అతలాకుతలం చేస్తున్నాయి. సభల్లో అనలేని మాటను తెల్లవాడి ఆటలోనే, తెల్లవాడి నియమాలకు లోబడే, పది జతల ఒట్టికాళ్ళు అన్నాయి. అదే సంవత్సరం డిసెంబరులో ఢిల్లీ దర్బారు బెంగాల్ విభజనను రద్దు చేసింది, రాజధానిని కలకత్తానుంచి తరలించింది. ఈ రెండు సంఘటనలకూ కార్యకారణ సంబంధం అంటగట్టేవారున్నారు. నేను అంతదూరం పోను. రెండింటికీ వెనుక వున్న ఉప్పెన ఒకటే అంటే చాలు. మరొక విశేషం కూడా చెప్పాలి. ఆనాడు ఆడినవారిలో పెక్కుమంది మూలాలు తూర్పు బెంగాలులోనివే. అప్పటికి మోహన్ బగాన్ అంటే పశ్చిమ బెంగాలు అన్న అర్థం లేదు. పరాయి పాలన ఎదుట బెంగాలీలందరిదీ ఒకే జట్టు.

అయితే ఆ 'అందరూ' అన్న మాటలో నిజంగా అందరూ వున్నారా? జాతీయోద్యమాన్ని అడిగినట్టే ఫుట్‌బాల్‌నూ ఈ ప్రశ్న అడగాలి. బెంగాలు జనాభాలో సగానికి పైగా ముస్లిములు. వారిలో అత్యధికులు రైతులు; జమీందార్లలో, వకీళ్ళలో, గుమాస్తాల్లో హిందువులు ఎక్కువ. 1891లో పుట్టిన మహమ్మడన్ స్పోర్టింగ్ నాలుగు దశాబ్దాలపాటు చెప్పుకోదగ్గ విజయం లేకుండా బతికింది. ఆ తరువాత సెక్రెటరీ సి. ఎ. అజీజ్ వంటివారి పట్టుదలతో దేశం నలుమూలలనుంచీ ఆటగాళ్ళను తెచ్చుకున్నది. వానలో తడిసిన మైదానంమీద ఒట్టికాళ్ళ ఆట చెల్లదని గుర్తించి బూట్లు తొడిగించింది. 1934లో మొదటి డివిజన్‌లో అడుగు పెట్టిన సంవత్సరమే కలకత్తా లీగు గెలిచింది. 1898లో లీగు మొదలైనప్పటినుంచీ భారతీయుల జట్టు దాన్ని గెలవడం అదే మొదటిసారి. అక్కడితో ఆగక 1938దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. 1936లో షీల్డు కూడా గెలిచింది. 1940లో ఢిల్లీలో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటును ఓడించి డ్యూరాండ్ కప్పు పట్టుకొచ్చింది.

ఆ విజయం పల్లెల్లో ముస్లిం పిల్లవాడికి ఏమయి వుంటుందో ఊహించడం కష్టం కాదు. బడిలో వెనకబల్ల, కచేరీలో బయట వరండా, జమీందారు ఇంట వాకిలి వాడి చోట్లు. తన పేరువంటి పేరున్నవాడు తెల్లవాణ్ణి ఓడించాడు; తన ఊరి బాబుగారి జట్టు చెయ్యలేని పని కూడా చేశాడు. కాజీ నజ్రుల్ ఇస్లాం అంతటి కవి ఆ జట్టుమీద కవిత రాశాడు. అయితే ఈ ప్రేమను తమ సంచిలో వేసుకోవడానికి ముస్లిం లీగు నాయకులు ఆలస్యం చెయ్యలేదు. మోహన్ బగాన్ గెలిచినప్పుడు అది దేశం గెలుపు, మహమ్మడన్ గెలిచినప్పుడు అది మతం గెలుపు అని లెక్క కట్టిన పత్రికలూ వున్నాయి. ఆత్మగౌరవంగా మొదలైన ప్రేమను మతతత్వంగా మార్చడంలో రెండు పక్షాల పెద్దలకూ వాటా వున్నది. ఆ నేరాన్ని అభిమాని నెత్తిన రుద్దడం అన్యాయం. దేశ విభజన తరువాత ఆ క్లబ్బు అభిమానుల్లో ఎందరో సరిహద్దు దాటిపోయారు. వుండిపోయినవారు 1981 తరువాత మరొక లీగు కోసం 2021దాకా, నలభై ఏళ్ళు ఎదురు చూశారు. గెలుపును ప్రేమించేవాడు అంతకాలం నిలవడు.

మూడో ప్రేమ శరణార్థిది. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు 1920 ఆగస్టు 1న పుట్టింది. జోడాబగాన్ క్లబ్బు ఒక పోటీలో తూర్పు బెంగాలుకు చెందిన శైలేశ్ బోస్‌ను జట్టులోనుంచి తప్పించగా, ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి కోపించి బయటకు వచ్చి, మిత్రులతో కలిసి దీన్ని పెట్టాడు. మణిదాస్ కథకు ఇది రెండో కూర్పు. ఒకచోట కులం తలుపు వేస్తే, మరొకచోట ప్రాంతం వేసింది. తూర్పునుంచి వచ్చినవాళ్ళను 'బాంగాల్' అనీ, పశ్చిమంవాళ్ళను 'ఘోటీ' అనీ పిలవడం, యాసను వెక్కిరించడం కలకత్తాలో పాత అలవాటు. 1925లో ఈ క్లబ్బు మొదటి డివిజన్‌లోకి వచ్చింది. 1942లో మొదటి లీగు గెలిచింది. అప్పటిదాకా అది పట్నంలో చదువుకో, ఉద్యోగానికో వచ్చిన తూర్పువాళ్ళ క్లబ్బు మాత్రమే.

1947 దాన్ని వేరొకటిగా మార్చివేసింది. లక్షలమంది ఇళ్ళు, చెరువులు, మామిడితోటలు వదిలి సియాల్దా స్టేషనులో దిగారు. ప్లాట్‌ఫారం మీదనే కాపురాలు పెట్టారు. యాదవ్‌పూర్ చుట్టుపక్కల ఖాళీ నేలలు ఆక్రమించి రాత్రికి రాత్రి గుడిసెలు వేసి కాలనీలు కట్టారు. జమీందార్ల గూండాలతోనూ, పోలీసులతోనూ కొట్లాడి వాటిని నిలబెట్టుకున్నారు. ఊరు పోయింది, జిల్లా పోయింది, చివరకు దేశం పేరే మారింది. తూర్పు బెంగాలు అనేది పటంమీద తూర్పు పాకిస్తాను అయిపోయింది. కలకత్తా మైదానంలో ఒక్కచోట మాత్రం ఆ పాత పేరు ఎర్ర బంగారు రంగుల జెండామీద అట్లాగే వున్నది. పోయిన ఇంటి పేరుతో మిగిలిన వస్తువు అదొక్కటే. దాన్ని ప్రేమించకుండా ఎట్లా వుంటారు?

ఆ సమయానికే జట్టు కూడా అద్భుతంగా ఆడింది. 1949లో లీగు, షీల్డు, రోవర్స్ కప్పు మూడూ గెలిచింది. షీల్డును 1951దాకా వరసగా మూడేళ్ళు పట్టి వుంచింది. 1953లో రొమేనియాకూ, సోవియట్ దేశానికీ వెళ్ళి ఆడివచ్చింది. ఆనాటి అయిదుగురు ఫార్వర్డులను 'పంచపాండవులు' అన్నారు: అహ్మద్ ఖాన్, సాలే, వెంకటేశ్, ధనరాజ్, అప్పారావు. ఆ పేర్లు చూడండి. ఒక్కరూ పద్మానది నీళ్ళు తాగి పెరిగినవారు కారు, అందరూ దక్షిణాదివారు. అప్పారావు అన్న పేరు తెలుగు పాఠకుడికి పరాయిది కాదు. పుట్టిన ప్రాంతం పేరుతో ఏర్పడిన క్లబ్బులో ప్రాంతంతో సంబంధం లేని అయిదుగురు మనుషులు శరణార్థి గుండెల్లో స్థానం సంపాదించారు. అందువల్ల ఈ ప్రేమను ప్రాంతీయ దురభిమానం అని తేల్చివెయ్యడానికి వీలులేదు. తన బాధను తన తరఫున మోసేవాడు ఏ భాషవాడైనా తనవాడే అని శరణార్థి గ్రహించాడు.

ఇక తరవాతి తరం సంగతి. క్లబ్బును ఎప్పుడు ప్రేమించడం మొదలుపెట్టావని నా బెంగాలీ మిత్రులను అడిగితే సంవత్సరం చెప్పరు, తండ్రి సంగతి చెబుతారు, లేదా మేనమామ సంగతి. పిల్లవాడు మైదానానికి పోకముందే ఇంట్లో ఆ ప్రేమ సిద్ధంగా వుంటుంది. ఈస్ట్ బెంగాల్ గెలిచిన సాయంత్రం ఇంటికి పులస వంటి ఇలిశ చేప వస్తుంది. మోహన్ బగాన్ గెలిస్తే ఎదురింట రొయ్యల కూర. ఆడవాళ్ళకు మైదానం చాలాకాలం దూరంగానే వున్నా, వంటింట్లో ఆ రోజు ఏం వండాలో మైదానమే నిర్ణయించేది. రేడియోలో అజయ్ బసు వ్యాఖ్యానం వచ్చే రోజుల్లో ఆట మొత్తం ఇంట్లోనే నడిచేది. ఢాకానూ, బరిశాల్‌నూ ఎన్నడూ చూడని మనుమడు ఆ ఊళ్ళ తరఫున కన్నీళ్ళు పెట్టుకుంటాడు. తాత పోగొట్టుకున్న పొలం మనుమడికి దస్తావేజు రూపంలో రాలేదు, జెండా రూపంలో వచ్చింది. అభిమానిది మొదటిచూపు ప్రేమ అంటారు గాని, నాకు అది వారసత్వంగానే కనిపిస్తుంది. మొదటి ఆట చూసిన రోజు వాడు ఆ వారసత్వాన్ని తన కళ్ళతో చూసి సంతకం పెడతాడు, అంతే.

ఈ ప్రేమకు చీకటి ముఖం వున్నదని నేను మరచిపోలేదు. 1975 సెప్టెంబరు 30న షీల్డు ఫైనలులో ఈస్ట్ బెంగాల్ అయిదు గోలులతో గెలిచినప్పుడు, మోహన్ బగాన్ అభిమాని అయిన ఒక యువకుడు ప్రాణం తీసుకున్నాడు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల ఆటలో గొడవ చెలరేగి పదహారుమంది ప్రేక్షకులు చనిపోయారు. ఇంటికి తిరిగి వస్తామనుకునే వెళ్ళిన మామూలు మనుషులు వాళ్ళు. ఆ రోజులు నిరుద్యోగం యువకులను తినేస్తున్న రోజులు. బతుకులో ఎక్కడా గెలుపు లేనివాడు తన గెలుపునంతా తొంభై నిమిషాలమీద పందెం కాస్తే, ఓటమి భరించరానిదవుతుంది. అయితే దానికి మందు ఆ ప్రేమను తీసెయ్యడం కాదు, బతుకులో ఇతర గెలుపులకు చోటు కల్పించడం. ఆనాటినుంచీ ఏటా ఆగస్టు 16న కలకత్తాలో ఫుట్‌బాల్ ప్రేమికులు ఆ పదహారుమంది పేరిట రక్తదానం చేస్తున్నారు.

ఇప్పుడు మన హైదరాబాదుకు వద్దాం. ఆట గొప్పదైతే ప్రేమ దానంతట అదే నిలుస్తుందనేవారికి హైదరాబాదు గట్టి జవాబు. సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950నుంచి 1954దాకా అయిదేళ్ళు వరసగా రోవర్స్ కప్పు గెలిచింది. 1950 డ్యూరాండ్ ఫైనలులో మోహన్ బగాన్‌నే ఓడించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టుకూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టుకూ గురువు ఆయనే. ఆ పోలీసు జట్టు ఆటగాళ్ళు పాతబస్తీ మొహల్లాల పేద పిల్లలు. కానిస్టేబులు ఉద్యోగం వాళ్ళకు అన్నం. నగరం వాళ్ళ ఆటను ప్రేమించింది. అందులో అనుమానం లేదు. కాని ఒక్క విషయం ఆలోచించండి. 1950లో తెలంగాణా పల్లెల్లో రైతాంగ పోరాటం ఇంకా నడుస్తున్నది. పోలీసు అన్న పేరు వింటే ఆ పల్లెల్లో ఏం గుర్తుకు వచ్చేదో చెప్పనవసరం లేదు. నగరంలో కూడా ఆ జట్టు ఒక శాఖకు చెందినది. దానికి ఉద్యోగులున్నారు గాని సభ్యులు లేరు. తప్పట్లు కొట్టినవాడు ఆ జట్టును 'మాది' అనడానికి దారి లేదు.

ఫలితం ఏమిటి? ఆటగాళ్ళు కలకత్తాకు పోయారు. సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళి, జీవితాంతం బెంగాలులోనే వుండిపోయి 2023లో మరణించాడు. మొహమ్మద్ హబీబ్ మూడు క్లబ్బులకూ ఆడి 'బొడో మియా' అనిపించుకున్నాడు. 1977లో పేలే వున్న కాస్మోస్ జట్టుమీద మోహన్ బగాన్ వేసిన రెండు గోలుల్లో ఒకటి అతనిది. 2023లో అతను హైదరాబాదులో చనిపోతే కలకత్తా ఏడ్చినంత హైదరాబాదు ఏడవలేదు. రహీం 1963లో పోయాడు. ఆయన ఎవరో మనవాళ్ళలో చాలామందికి 2024లో హిందీ సినిమా వచ్చిన తరువాత తెలిసింది. 2019లో పూనా జట్టు స్థానంలో హైదరాబాదు పేరుతో ఒక కంపెనీ జట్టు వచ్చింది; 2021-22లో దేశ విజేత కూడా అయింది; 2025లో ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలిలో ఆ జట్టుకోసం అరిచిన పిల్లల ప్రేమ నిజమైనదే. కాని ఆ ప్రేమకు ఓటు లేదు. దుకాణం మూసి పక్క ఊళ్ళో తెరిచినట్టు జట్టును తీసుకుపోతే అడిగేవాడు లేకపోయాడు.

కలకత్తాలో అడిగేవాడున్నాడు. 2020లో మోహన్ బగాన్ పేరుకు ముందు ఒక కంపెనీ జట్టు పేరు అంటించినప్పుడు అభిమానులు మూడేళ్ళు వీధుల్లోనూ, స్టేడియంలోనూ నిరసన చెప్పారు. 2023లో ఆ పేరు తొలగిపోయింది. 2020 జనవరిలో పౌరసత్వానికి కాగితాలు చూపాలన్న వాదం దేశమంతా చెలరేగినప్పుడు, ఈస్ట్ బెంగాల్ అభిమానులు స్టేడియంలో పెద్ద తెర దించి, ఈ నేలను తాము కాగితాలతో కాదు రక్తంతో సంపాదించుకున్నామని ప్రకటించారు. డెబ్భై ఏళ్ళనాటి సియాల్దా ప్లాట్‌ఫారం ఆనాడు స్టేడియంలో మాట్లాడింది. 2024 ఆగస్టులో కలకత్తా ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగిన తరువాత, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల ఆటను అధికారులు రద్దు చేశారు. ఆట లేకపోయినా ఆగస్టు 18న మూడు క్లబ్బుల అభిమానులూ స్టేడియం ముందుకు వచ్చి, జెండాలు పక్కపక్కన పట్టుకుని న్యాయం అడిగారు, లాఠీలు తిన్నారు. నూరేళ్ళు ఒకరినొకరు తిట్టుకున్నవాళ్ళు ఒకే నినాదం ఇచ్చారు.

మత్తుమందు సిద్ధాంతం చెప్పేవారు ఈ సంఘటనకు సమాధానం చెప్పవలసి వున్నది. మత్తులో వున్నవాడు ఇట్లా మేలుకోడు. అవమానం నుంచి పుట్టిన ప్రేమ అవమానాన్ని గుర్తుపట్టగలదు. అది దాని బలం. ఆ ప్రేమను మతం వైపో, ప్రాంతద్వేషం వైపో, వ్యాపారం వైపో తిప్పగల శక్తులు ఎప్పుడూ కాచుకుని వుంటాయి. అది దాని ప్రమాదం. ఈ రెండింటిమధ్య అది ఎటు మొగ్గుతుందన్నది, తలుపు ఎవరి చేతిలో వున్నదన్న దానిమీద ఆధారపడుతుంది. మణిదాస్ ముందు వేసిన తలుపు, శైలేశ్ బోస్ ముందు వేసిన తలుపు, హైదరాబాదు ప్రేక్షకుడికి అసలు పెట్టనే లేని తలుపు ఒకే చరిత్రలోని అధ్యాయాలు.

మన సాహిత్యం జమీందారు కచేరీని రాసింది, కార్ఖానాను రాసింది, బొగ్గుగనిని రాసింది. సాయంత్రం పని దిగిన తరువాత ఆ మనిషి ఎక్కడికి పోయి గొంతెత్తి అరిచాడో తగినంతగా రాయలేదు. హైదరాబాదు మొహల్లాల మైదానాల్లో బంతి తన్ని బలరాంనూ, హబీబ్‌నూ తయారు చేసిన వీధుల చరిత్ర ఇంకా పాతవాళ్ళ జ్ఞాపకాల్లో మిగిలి వున్నది. వాళ్ళు ఒక్కరొక్కరే వెళ్ళిపోతున్నారు. క్లబ్బు దక్కని ఆ నగరపు ప్రేమకు కనీసం కథ అయినా దక్కించడం మన రచయితల వంతు.